40 వేలు చేతిలో ఉంటే ఏ తెర కొనాలి? ముందు హాలు కొలవండి

2025 దసరాకి వారం ముందు అమలాపురం నుంచి మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావగారు 55 అంగుళాల టీవీ కొనాల్సిందే అని కూర్చున్నారు. షాపువాడు 4కే అంటాడు, క్యూలెడ్ అంటాడు, ఇంకేవేవో అంటాడు. 40 వేలు దాటకూడదు. ఏది కొనాలో నువ్వే చెప్పు" అంది. మా ఇంట్లో ఇలాంటివన్నీ నా నెత్తినే పడతాయి. కంప్యూటర్ ముందు కూర్చుని ఉద్యోగం చేసేవాడికి ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువు గురించీ తెలిసి తీరుతుందని వాళ్ళ నమ్మకం.

"టీవీ సంగతి తర్వాత చూద్దాం. టేపు తీసుకుని, సోఫాలో కూర్చున్న మనిషి కళ్ళ దగ్గర్నుంచి గోడ దాకా ఎన్ని అడుగులో కొలిచి చెప్పక్కా" అన్నాను.

"ఇప్పుడు టేపు ఎక్కడ తెచ్చేదిరా! ఉండు, కుట్టుమిషను సొరుగులో చూస్తా."

పది నిమిషాల తర్వాత జవాబు వచ్చింది. ఎనిమిదిన్నర అడుగులు.

తర్వాత గంటసేపు మేం మాట్లాడుకున్నదే ఇక్కడ కాస్త కుదురుగా రాస్తున్నాను. ఎందుకంటే ఆ ఇల్లు మీ ఇంటికి పెద్ద తేడాగా ఉండదు. హాలు ఒకటి. పొద్దున్నించి రాత్రి దాకా వార్తలు చూసే మామయ్యగారు. సాయంత్రం సీరియళ్ళు, పొద్దున ప్రవచనాలు కావాల్సిన అత్తయ్యగారు. క్రికెట్ అంటే పడిచచ్చే బావగారు. తొమ్మిదేళ్ళ పెద్దాడు, మూడేళ్ళ చిన్నది. డల్లాస్‌లో మా అక్క ఆడపడుచు. వీళ్ళకి అప్పటికే ఐదు తెరలున్నాయి. మూడు ఫోన్లు, బావగారి ఆఫీసు ల్యాప్‌టాప్, పదేళ్ళ నాటి 32 అంగుళాల టీవీ. ఐదింటిలో నలుగురు కలిసి చూడగలిగేది ఒక్కటే, అదీ అన్నిటికంటే పాతది. కాబట్టి ఏ టీవీ మంచిది అన్నది రెండో ప్రశ్న. ఈ ఇంట్లో ఏ రకం తెర తక్కువైంది, దాన్ని ఎంతమంది ఎంత దూరం నుంచి చూస్తారు అన్నది మొదటిది. ఈ క్రమం తప్పితే 40 వేలూ అంగుళాలకే పోతాయి.

43 అంగుళాలా, 55 అంగుళాలా

షాపులో టీవీకి మూడడుగుల దూరంలో నిలబడి చూస్తాం. ఇంట్లో ఎనిమిది, పది అడుగుల దూరంలో కూర్చుంటాం. మోసం అంటూ ఏదైనా ఉంటే అది ఇక్కడే ఉంది, ఇందులో షాపువాడి తప్పేమీ లేదు.

లెక్క సులువే. 43 అంగుళాల తెర వెడల్పు దాదాపు 95 సెంటీమీటర్లు. ఫుల్ హెచ్‌డీ అంటే ఆ వెడల్పులో 1920 చుక్కలు. అంటే ఒక్కో చుక్క అర మిల్లీమీటరు. మామూలు చూపున్న మనిషికి ఆ చుక్కలు విడివిడిగా కనిపించేది సుమారు ఐదున్నర అడుగుల దాకానే. అంతకంటే వెనక్కి జరిగితే కలిసిపోతాయి. 55 అంగుళాలకైతే ఆ హద్దు ఏడు అడుగుల చిల్లర, 65కైతే దాదాపు ఎనిమిదిన్నర. 4కేలో చుక్కలు నాలుగింతలు ఉంటాయి, నిజమే. కానీ మా అక్క హాల్లో ఎనిమిదిన్నర అడుగుల అవతల కూర్చున్నవాళ్ళకి ఆ నాలుగింతల్లో కంటికి ఆనేది చాలా తక్కువ. "4కే కాబట్టి కొను" అనే మాటకి ఆ హాల్లో విలువ లేదు. అలాగని దాన్ని తప్పించుకోనూ లేరు, 50 అంగుళాలు దాటితే మార్కెట్లో వచ్చేవన్నీ దాదాపు 4కేనే. వస్తే రానివ్వండి, దానికోసం అదనంగా పైసా కూడా పెట్టకండి.

మరి 55 వద్దా? అది మీ ఇంటికి బొమ్మ ఎక్కడినుంచి వస్తోందన్న దాని మీద ఉంటుంది. దీన్ని ఎవరూ అడగరు. మా అక్కావాళ్ళది కేబుల్ కనెక్షన్, మామూలు సెట్‌టాప్ బాక్సు, హెచ్‌డీ కాదు. ఆ బొమ్మలో నిలువునా ఉండేది 576 గీతలు. దాన్ని 32 అంగుళాల్లో చూస్తే శుభ్రంగానే ఉంటుంది. 55 అంగుళాలకి సాగదీస్తే యాంకరమ్మ మొహం మైదా ముద్దలా అవుతుంది. కొత్త టీవీ కొన్న వారానికే "పాతదే నయం" అనేవాళ్ళు మీకూ తెలిసే ఉంటారు. వాళ్ళ టీవీలో ఏ లోపమూ ఉండదు, బాక్సు మార్చుకోలేదంతే.

కాబట్టి నా తూకం ఇది. రోజంతా కేబుల్ వార్తలు, సీరియళ్ళే నడిచే ఇంటికి ఎనిమిది తొమ్మిది అడుగుల్లో 43 చాలు. వైఫై ఉండి, రాత్రిపూట ఓటీటీలో సినిమా చూసే అలవాటుంటే అదే దూరానికి 55 బాగుంటుంది. ఆరడుగుల కంటే దగ్గరగా కూర్చునే చిన్న ఫ్లాట్‌లో 55 పెడితే, చిరిగిన టికెట్టుతో మొదటి వరసలో కూర్చుని సినిమా చూసినట్టే.

ధర విషయంలో ఒక మంచి మార్పు జరిగింది. ఇదివరకు 32 అంగుళాలు దాటిన టీవీ మీద జీఎస్టీ 28 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి అదీ 18 శాతానికే వచ్చింది. దాంతో 32 దగ్గరే ఆగాల్సిన కారణం ఒకటి పోయింది. నేను చూసినంతలో పేరున్న చిన్న బ్రాండ్లలో 43 అంగుళాలు 20 నుంచి 28 వేలు, 55 అయితే 32 నుంచి 42 వేలు. పండగ ఆఫర్లలో కాస్త అటూఇటూ అవుతాయి.

పక్కనుంచి చూడండి

షాపులో అందరూ ఎదురుగా నిలబడి చూస్తారు. మీరు మాత్రం పక్కకెళ్ళి గోడవారగా నిలబడండి. మన ఇళ్ళలో ఎదురుగా కూర్చునేది ఇద్దరే. ఒకరు దివాన్ మీద అడ్డంగా వాలి ఉంటారు, ఒకరు చిక్కుడుకాయలు వలుస్తూ వంటింటి గడప దగ్గర కూర్చుని ఉంటారు. ఎల్‌ఈడీ టీవీల్లో రెండు రకాల ప్యానెల్స్ ఉంటాయి. ఐపీఎస్ రకం పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారదు, కానీ చీకటి గదిలో నలుపు బూడిద రంగులా కనిపిస్తుంది. వీఏ రకంలో నలుపు బాగుంటుంది, పక్కకి జరిగితే బొమ్మ వెలిసిపోతుంది. పగటి వెలుగులో పదిమంది నలుమూలల నుంచి చూసే హాలుకి నేనైతే మొదటిదే అంటాను. రాత్రి లైట్లార్పి ఇద్దరే సినిమా చూసే ఇంటికి రెండోది. ఏ మోడల్లో ఏ ప్యానెల్ ఉందో పెట్టె మీద చాలాసార్లు రాయరు, కాబట్టి కళ్ళతోనే తేల్చుకోవాలి.

ఓలెడ్ ఈ బడ్జెట్‌లో రాదు. వచ్చినా మామయ్యగారున్న ఇంటికి నేను వద్దనే చెప్తాను. అందులో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది, నలుపంటే అసలైన నలుపు, బొమ్మ అద్భుతం. కానీ ఒకే బొమ్మ కదలకుండా గంటలు గంటలు ఉంటే దాని మచ్చ తెర మీద మిగిలిపోయే ప్రమాదం ఉంది. మన వార్తా ఛానెళ్ళు చూడండి. మూలన లోగో, కింద స్క్రోలింగ్ పట్టీ, దాని మీద బ్రేకింగ్ న్యూస్ ఎర్ర పట్టీ. పొద్దున ఏడింటికి పెట్టిన ఛానెల్ రాత్రి పదింటికి గానీ ఆగని ఇంట్లో ఆ ఎర్ర పట్టీ తెర మీద పుట్టుమచ్చలా ఉండిపోవచ్చు. ఇక పేరు దగ్గరగా ఉంది కదా అని క్యూలెడ్‌ని ఓలెడ్‌కి తమ్ముడనుకోకండి. అది మామూలు ఎల్‌ఈడీ టీవీయే, రంగులు ఇంకాస్త బాగుండడానికి మధ్యలో ఒక పొర చేర్చారు.

120 హెర్ట్జ్, హెచ్‌డీఆర్ లాంటి మాటలు ఈ ధరలో పట్టించుకోవద్దు. ఇంటికి తెచ్చాక ఒక పని మాత్రం తప్పకుండా చేయండి. పిక్చర్ సెట్టింగ్స్‌లో మోషన్ అనో, స్మూత్ అనో ఒకటుంటుంది, దాన్ని ఆపేయండి. సినిమా సెకనుకి 24 ఫ్రేములతో తీస్తారు. టీవీ వాటి మధ్యలో తనే కొన్ని కల్పించి అతికిస్తుంది. అప్పుడు కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా మధ్యాహ్నం రెండింటి సీరియల్‌లా కనిపిస్తుంది. క్రికెట్‌కి ఉంచుకుంటానంటే ఉంచుకోండి.

అంగుళాలు తగ్గించుకోండి గానీ శబ్దం తగ్గించుకోకండి. పలచటి టీవీల్లో స్పీకర్లు కిందికో వెనక్కో తిరిగి ఉంటాయి. డెబ్బై దాటినవాళ్ళకి మాటలు సరిగ్గా వినపడక సౌండు పెంచుతారు, పక్కగదిలో పిల్లల చదువు చెడుతుంది, గొడవ మొదలవుతుంది. ఐదారు వేల సౌండ్‌బార్ ఆ గొడవ సగం తగ్గిస్తుంది. అదీ కొనలేమనుకుంటే ఆడియో సెట్టింగ్స్‌లో మాటలు స్పష్టం చేసే మోడ్ ఒకటుంటుంది, అది పెట్టి చూడండి.

పాత టీవీకి స్టిక్ తగిలిస్తే?

అన్నిటికంటే చౌక దారి ఇదే, చాలామంది మర్చిపోయేదీ ఇదే. పాత టీవీ వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే మూడు నుంచి ఐదు వేల స్టిక్‌తో (వైఫై అందుకుని ఓటీటీలని టీవీలో చూపించే వేలెడంత పరికరం) అది స్మార్ట్ టీవీ అయిపోతుంది. పైగా చౌక స్మార్ట్ టీవీలు రెండేళ్ళకే నత్తనడక పడతాయి. రిమోట్ నొక్కిన ఐదు సెకన్లకి గానీ కదలవు. తెర బాగానే ఉంటుంది, లోపలి మెదడే ముసలిదవుతుంది. అప్పుడూ ఈ స్టిక్కే మందు. వాడుకలో ఉన్న 32 అంగుళాల టీవీ బాగానే ఉండి, ఇంట్లో ఇద్దరే ఉంటే మీ 40 వేలల్లో 36 వేలు బ్యాంకులోనే ఉంచుకోండి.

కాకపోతే ఇంటర్నెట్ సంగతి తేల్చుకోవాలి. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామనుకుంటే కుదరదు. నెట్‌ఫ్లిక్స్ చెప్పే లెక్క ప్రకారం హెచ్‌డీలో గంటకి 3 జీబీ దాకా, 4కేలో 7 జీబీ దాకా ఖర్చవుతుంది. రోజుకి 2 జీబీ ప్యాక్ అంటే ఇంటర్వెల్ కూడా రాకముందే అయిపోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది. అదే నెట్‌ఫ్లిక్స్‌లో 149 రూపాయల మొబైల్ ప్లాన్ ఫోన్‌లోనూ ట్యాబ్‌లోనూ తప్ప టీవీలో రాదు. ఫోన్ రీఛార్జితో ఉచితంగా వచ్చే ఓటీటీల్లోనూ ఇలాంటి షరతులుంటాయి. టీవీ కొన్నాక చూసుకుని నాలుక కరుచుకునే బదులు ముందే చదువుకోండి.

ప్రొజెక్టర్, నా సొంత కథ

ఇది చెప్పాలంటే నాకే సిగ్గు. నాలుగేళ్ళ క్రితం ఆన్‌లైన్‌లో 9 వేలకి ఒకటి కొన్నాను. గోడంతా సినిమా, 120 అంగుళాలు, 1080పీ సపోర్ట్ అని రాసుంది. ఆ సపోర్ట్ అన్న మాట దగ్గరే పడ్డాను. 1080పీ వీడియో ఇస్తే తీసుకుంటుందని దానర్థం, అంత స్పష్టంగా చూపిస్తుందని కాదు. 1080పీ అంటే నిలువునా 1080 గీతలు, అది చూపించేది 480. దాన్ని 120 అంగుళాల గోడ మీద ఊహించుకోండి. కింద రాసే తెలుగు అక్షరాల్లో ఒత్తులు, గుణింతాలు అన్నీ కలిసి ఒకే మరక.

మా గోడకి సరిగ్గా మధ్యలో స్విచ్‌బోర్డు ఉంది. ఏ హీరో వచ్చినా మూడు నిమిషాలకోసారి ముక్కు స్థానంలో రెగ్యులేటర్. పగలు కర్టెన్లు వేసినా బొమ్మ కనపడదు. మే నెలలో దాని ఫ్యాను మోతకి మా సీలింగ్ ఫ్యానే నయం అనిపించింది. చివరికి అటక ఎక్కింది.

అయినా ప్రొజెక్టర్ చెడ్డదని అనను. కొనేవాళ్ళు రెండు మాటలు గుర్తుపెట్టుకోండి. 'నేటివ్ రిజల్యూషన్', అంటే అది నిజంగా చూపించే చుక్కలు, ఎంతో అడగండి, 1920x1080 కంటే తక్కువైతే వదిలేయండి. వెలుగుని ఆన్సీ ల్యూమెన్లలోనే (ఒక ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు) చెప్పమనండి, చౌక వాటి మీద ఉత్త ల్యూమెన్లని వేలల్లో రాసేవి చాలామటుకు నోటికొచ్చిన అంకెలు. చీకటి చేసుకోగలిగిన గది ఒకటి వేరుగా ఉండి, వారానికి ఒకటో రెండో సినిమాలు చూసే కుర్రాళ్ళకి ఇది పండగే. సంక్రాంతికి చుట్టాలంతా దిగినప్పుడు డాబా మీద తెల్ల దుప్పటి కట్టి వేస్తే ఆ సరదా ఏ టీవీకీ రాదు. రోజూ వార్తలు చూసే ఇంటికి మాత్రం వద్దు.

అత్తయ్యగారి ట్యాబ్

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. మా అక్క అడగని తెర ఇది.

అమలాపురంలో పొద్దున ఏడైతే, అమెరికా వేసవి వేళల ప్రకారం డల్లాస్‌లో అంతకుముందు రాత్రి ఎనిమిదిన్నర. అక్కడ భోజనాలయ్యాయి, ఇక్కడ కాఫీలయ్యాయి. రోజూ అప్పుడే ఫోన్ వస్తుంది. నేను వెళ్ళినప్పుడు ఒకసారి చూశాను. అత్తయ్యగారు ఫోన్‌ని కుడిచేత్తో పట్టుకుని, అద్దాలు పైకి తోసుకుని మాట్లాడుతున్నారు. తెర మీద మూలన చిన్న గడిలో ఆవిడ బొమ్మ కనిపిస్తోంది కదా, అందులో ఉన్నది సీలింగ్ ఫ్యాను, ఆవిడ నుదుటి బొట్టు, అంతే. డల్లాస్‌లో ఉన్న మనవరాలు రోజూ ఆ ఫ్యానుతోనే మాట్లాడుతోంది. రెండు నిమిషాలకి చెయ్యి నొప్పి పుట్టి ఎడంచేతికి మార్చారు. ఆ మార్చడంలో వేలు ఎక్కడో తగిలి కాల్ కట్టయింది. "మాట్లాడుతుంటే పెట్టేసింది చూడు" అని కూతురి మీద విసుక్కున్నారు.

పది పదకొండు అంగుళాల ట్యాబ్ ఒకటి, మూడొందల రూపాయల స్టాండు ఒకటి. డైనింగ్ టేబుల్ మీద మూడడుగుల దూరంలో పెడితే మామయ్యగారు, అత్తయ్యగారు, ఇద్దరు పిల్లలు ఒకే ఫ్రేములో పడతారు. చేతులు ఖాళీ, కూరలు తరుగుతూ మాట్లాడొచ్చు. మిగతా రోజంతా అదే తెర మీద ప్రవచనం, పంచాంగం, అక్షరాలు పెద్దవి చేసుకుని పేపరు. వైఫై మాత్రమే ఉన్న మోడళ్ళు 12 నుంచి 18 వేలల్లో దొరుకుతాయి. సిమ్ ఉన్నది రెండు మూడు వేలు ఎక్కువ. ఇల్లు కదలనివాళ్ళకి సిమ్ దండగ, వైఫై లేని ఊరికైతే తప్పదు.

కొనేటప్పుడు ఒకటి చూడండి. సెల్ఫీ కెమెరా ట్యాబ్ పొడుగు అంచు మీద ఉండాలి. పొట్టి అంచు మీదుంటే, అడ్డంగా నిలబెట్టినప్పుడు కెమెరా పక్కకి పోతుంది. అప్పుడు అవతలివాళ్ళకి మనం ఎప్పుడూ కిటికీలోంచి ఎవరినో చూస్తున్నట్టు కనిపిస్తాం. రూపాయి తేడా ఉండదు గానీ రోజూ తెలుస్తుంది.

టీవీలోనే వీడియో కాల్ చేసుకోవచ్చు కదా అని బావగారు అడిగారు. విడిగా కెమెరా కొనాలి, దాన్ని తగిలించాలి, ఆప్ ఒప్పుకోవాలి, ఆ టైముకి మామయ్యగారి వార్తలు ఆపాలి. చివరిది జరిగే పని కాదు.

ఫోన్, చిన్నపిల్ల, అన్నం ముద్ద

ఫోన్ కొనడం గురించి ఇక్కడ చెప్పడానికేమీ లేదు, అది అందరి దగ్గరా ఉన్నదే. దానికీ టీవీకీ పోలిక మాత్రం పిల్లల దగ్గరే గట్టిగా చేయాలి.

మూడేళ్ళ చిన్నదానికి ఫోన్ పెడితేనే ముద్ద దిగుతుంది. మా అక్కని నేను తప్పుపట్టను, మామిడికాయ పప్పు ముద్ద పట్టుకుని ఇల్లంతా పరిగెత్తే ఓపిక నాకూ లేదు. భారత శిశువైద్యుల సంఘం 2021లో ఇచ్చిన సూచన ఇలా ఉంది. రెండేళ్ళ లోపు పిల్లలకి ఏ తెరా వద్దు. రెండు నుంచి ఐదేళ్ళ వాళ్ళకి పెద్దవాళ్ళు పక్కనుండగా రోజుకి గంట మించొద్దు. ఐదు నుంచి పదేళ్ళ వాళ్ళకి రెండు గంటల లోపు. ఆ గంట ఎలాగూ చూస్తారు కాబట్టి, ఏ తెర మీద చూడాలన్నది మన చేతిలో ఉంది. నేను టీవీ అంటాను. ఫోన్‌ని పిల్ల కంటికి జానెడు దూరంలో పెట్టుకుంటుంది, టీవీ ఎనిమిది అడుగుల అవతల ఉంటుంది. ఫోన్‌లో ఏం చూస్తోందో మనకి తెలీదు, టీవీలో వచ్చే పాట వంటింట్లోకి కూడా వినిపిస్తుంది. ఫోన్ చేతిలోంచి లాక్కోవాలి, అప్పుడు ఏడుపు. టీవీ అయితే తాతగారు వార్తలు పెట్టేస్తారు, కథ కంచికి వెళ్తుంది. ఏదైనా సరే, ఒకదాని తర్వాత ఒకటి దానంతటదే వచ్చే ఆటోప్లే మాత్రం ఆపేసి ఉంచండి.

పెద్దాడికి కళ్ళజోడు షాపులో బ్లూ కట్ అద్దాలు (తెర నుంచి వచ్చే నీలి వెలుగుని ఆపుతాయని అమ్మేవి) వేయించమన్నారట, ఎనిమిది వందలు అదనం. 2023లో కోక్రేన్ సంస్థ 17 పరిశోధనలని కలిపి చూసి, కంటి అలసట తగ్గడంలో మామూలు అద్దాలకీ వీటికీ పెద్ద తేడా ఉండకపోవచ్చని తేల్చింది. ఆ ఎనిమిది వందలతో షటిల్ బ్యాట్లు కొనమన్నాను. ఆరుబయట గడిపే పిల్లలకి హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసగ్గా కనిపించే సమస్య, వచ్చే అవకాశం తక్కువ. బ్యాట్లు కొన్నారు, ఒకటి అప్పుడే తీగలు తెగింది.

ల్యాప్‌టాప్ గురించి ఒక్క మాట. ఆఫీసుది ఆఫీసుకే ఉంచండి. సినిమాకి దాన్నే వాడితే ఇద్దరు మెడలు వంచుకుని చూడాలి, మధ్యలో మేనేజర్ మెసేజ్ వచ్చి సినిమా చూస్తున్న మూడ్ కాస్తా పోతుంది.

మరి థియేటర్?

పోలికలో దీన్ని వదిలేయకూడదు. ఎందుకంటే ఇంట్లో పెద్ద టీవీ కొనడానికి అందరూ చెప్పే మొదటి కారణం థియేటర్ ఖర్చు. ఆరుగురు వెళ్తే టికెట్టు 200 వేసుకున్నా 1200. ఇంటర్వెల్లో సమోసాలు, కూల్‌డ్రింకులు, ఆటో కలిపితే 2 వేలు. నెలకొకటి అంటే ఏడాదికి 24 వేలు. అంటే ఏడాది తిరిగేసరికి ఒక 43 అంగుళాల టీవీ ఖర్చయిపోయినట్టే. లెక్క నిజమే. అయితే థియేటర్లో చూడాల్సిన సినిమాలు ఏడాదికి నెలకొకటి ఉండవు, మూడో నాలుగో ఉంటాయి. 2019లో సూళ్ళూరుపేటలో హైవే పక్కన పెద్ద తెర థియేటర్ వచ్చాక చెన్నై నుంచి కూడా కార్లేసుకుని వస్తున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో పెద్ద టీవీలు లేకనా? పక్కన ఐదొందల మంది ఒకేసారి ఈల వేస్తే వచ్చే ఊపు కోసం వస్తారు. అది ఏ సౌండ్‌బారూ ఇవ్వదు. కాబట్టి 55 అంగుళాల టీవీ థియేటర్‌కి బదులు అవుతుందనుకుని కొనకండి. ఆ రెండూ ఒకదానికొకటి పోటీ కాదు. సింగిల్ స్క్రీన్లకి ఇంకో లాభం కూడా ఉంది. వంద రూపాయల లోపు టికెట్టు మీద జీఎస్టీ ఇప్పుడు 5 శాతమే.

చివరికి ఏం కొన్నారంటే

నేను చెప్పిన జాబితా ఇది. 43 అంగుళాల టీవీ 24 వేల లోపు, వైఫై ట్యాబ్ 13 వేలు, స్టాండు, స్పైక్ గార్డు. స్టెబిలైజర్ అమ్మజూపుతారు, వద్దనండి. ఇప్పటి టీవీలు చాలామటుకు 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి, వెనక చీటీ మీద రాసే ఉంటుంది. పిడుగులు పడేటప్పుడు మాత్రం కరెంటు ప్లగ్గుతో పాటు కేబుల్ వైరు కూడా పీకాలి. పాత 32ని అమ్మకుండా వసారాలో మామయ్యగారి పడకకుర్చీ ఎదురుగా పెట్టమన్నాను. ఇంటికి రెండు టీవీలు వద్దని నేనే చాలామందికి చెప్తుంటాను. కానీ రోజుకి పద్నాలుగు గంటలు వార్తలు చూసే మనిషి, హాల్లో ఉన్నా అందరితో కలిసి ఉన్నట్టు కాదు. ఆయనకి ఆయన టీవీ ఇస్తే సాయంత్రాలు హాలు మిగతావాళ్ళకి దొరుకుతుంది. పడకగదిలో మాత్రం ఏ తెరా వద్దన్నాను.

బావగారు సగం విన్నారు. పండగ ఆఫర్‌లో 55 వచ్చింది, 36 వేలు. నేననుకున్నట్టే మొదటి రోజు కేబుల్ బొమ్మ చూసి మొహం చిన్నబుచ్చుకుని, మర్నాడు హెచ్‌డీ బాక్సుకి డబ్బు కట్టారు. అయితే ఆయన మాటా ఒకటి నిజమైంది. ఆదివారం మ్యాచ్‌కి పక్కింటివాళ్ళతో కలిపి తొమ్మిది మంది కూర్చున్నారట, వెనక గడప దగ్గర ఉన్నవాళ్ళకి కూడా కింద మూలనున్న స్కోరు కనపడిందట. 43లో అది కష్టమే. ట్యాబ్‌కి డబ్బు మిగల్లేదు. ఫ్యానుతో మాట్లాడి విసిగిపోయిన డల్లాస్ వాళ్ళే దీపావళికి ఆన్‌లైన్‌లో కొని పంపారు.

టీవీ బిగించడానికి వచ్చిన కుర్రాడిని మాత్రం మీరు దగ్గరుండి చూసుకోండి. సోఫాలో కూర్చున్న మనిషి కళ్ళు నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటాయి. టీవీ మధ్యభాగం అక్కడికో, ఇంకో అరడుగు పైకో రావాలి. వాళ్ళు నిలబడి చూసుకుని బిగిస్తారు కాబట్టి ఎప్పుడూ పైకే పెడతారు. ఇక్కడా ఐదున్నర అడుగుల దగ్గర పెట్టి వెళ్ళిపోయాడు. నాలుగు రోజులకి అత్తయ్యగారికి మెడ పట్టేసింది. మళ్ళీ పిలిపించి, ఐదొందలిచ్చి, అడుగున్నర కిందికి దింపించారు. పాత నాలుగు చిల్లులూ టీవీ పైన గోడ మీద అలాగే ఉండిపోయాయి. ఇప్పుడు వాటి మీద కిరాణాకొట్టువాడిచ్చిన క్యాలెండర్ వేలాడుతోంది.